ఏదెను మాకు పడమర

అమ్మ కువైట్ పోయిన ఏడాదే మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. మా నాయనే వాటిని కలిపాడు. అలా కలిపాక, ఆయన పోయేదాకా ఏదెను తోట మా ఇంటిని వదల్లేదు.

మాది తనకల్లుకు దగ్గర్లో ఒక పల్లె. ఊరికి అవతల పాపాఘ్ని. పేరుకు నది. పాపాన్ని పోగొట్టేదని ఆ పేరుకు అర్థమట. నాకు ఊహ తెలిశాక అందులో నీళ్ళు పారడం కంటే ఇసుక ట్రాక్టర్లు తిరగడమే ఎక్కువ చూశాను. మిట్ట మీద మాకు కొంచెం చేను ఉండేది. వానొచ్చిన ఏడు శెనక్కాయ వేసేవాళ్ళం. రాని ఏడు అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. కూలి కూడా దొరక్కపోతే ఊళ్ళో చాలా ఇళ్ళకు తాళాలు పడేవి. అందరూ బెంగళూరు కట్టడాల పనికి పోయేవాళ్ళు.

నాయన బడికి పోయింది తక్కువ. బైబిలు తనంతట తాను చదువుకోవాలని, పెళ్ళయ్యాక ఒక ముసలి ఉపదేశి దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేవాడు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు కాబట్టి ఆదికాండం మొదటి అధ్యాయాలు ఆయనకు బాగా వచ్చు. తర్వాతి పుస్తకాల్లోకి వెళ్ళినా, వేసవిలో మేకలు నీడకు చేరినట్టు, మళ్ళీ అక్కడికే వచ్చేవాడు. దేవుడు ఒక తోట వేశాడు. దాన్ని తడపడానికి ఒక నది పారింది. అది నాలుగు పాయలైంది. పీషోను, గీహోను, హిద్దెకెలు, యూఫ్రటీసు. మామూలు మాటల దగ్గర తడబడే మనిషి ఈ పేర్ల దగ్గర తడబడేవాడు కాదు.

మూడో అధ్యాయంలో నేల శపించబడడం, ముళ్ళ తుప్పలు మొలవడం ఆయనకు ఎవరూ వివరించాల్సిన పని లేదు. చేలో కాలికి కంపముల్లు దిగితే, పెరికి దాన్ని ఒకసారి తేరిపార చూసి, "ఆదాము చేసిన పని ఇది" అనేవాడు. కోపంతో కాదు. తనకు బాగా తెలిసిన పెద్దాయన ఎవరో పొరపాటు చేసినట్టు అనేవాడు.

ఆ తోట ఈ నేల మీదే, ఎక్కడో ఒక చోట ఉందని ఆయన నమ్మకం. "పైన ఉండేదైతే నదులకు పేర్లెందుకు పెడ్తారు? పైన నదులతో ఎవరికేం పని?" అని అడిగేవాడు. నేనప్పటికి ఇంటర్ ముగించి, కదిరిలో కుట్టుపని నేర్చుకుని, ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతున్నాను. ఆదివారాలు చర్చిలో పిల్లలకు కథలు చెప్పేదాన్ని. ఏదెను కథ చెప్పినప్పుడు పిల్లలు పాము గురించే అడిగేవాళ్ళు. చెట్లూ నీళ్ళూ వాళ్ళకు ఎక్కేవి కావు.

వరసగా వానలు మొహం చాటేసిన కాలంలో, ఒక పొద్దున సంగటి కెలుకుతూ అమ్మ అంది.

"నేను పోతాండా."

"యాడికి?" అన్నాడు నాయన.

"కువైట్‌కు. కదిరిలో మనకు తెలిసిన సాయిబులామె పోయొచ్చింది కదా, అట్ల. ఇంట్లో పని. వంట చేసేది, ముసలోళ్ళుంటే చూసుకునేది."

"ఆడ మనకెవరుండారు?" అన్నాడు నాయన.

"ఈడ ఎవరుండారప్పా? వానుండాదా?"

అంతటితో ఆ మాట తేలిపోయింది. మా అమ్మ నిర్ణయాలన్నీ అలాగే ఉండేవి. కదిరి బస్టాండులో బస్సెక్కేటప్పుడు నాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. నాయన ఆమెన్ అనకుండానే అమ్మ ఎక్కేసింది. కిటికీలోంచి నాతో, "మీ నాయనకు మజ్జిగ లేకుండా ముద్ద దిగదు, చూసుకో పాపా" అంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. బస్సు మలుపు తిరిగాక నాయన బస్టాండు అరుగు మీద కూర్చుని, ఆపిన చోటి నుంచి ప్రార్థన ముగించాడు.

కొత్త అయ్యగారిది గోదావరి వైపు. ముప్పై ఏళ్ళుంటాయేమో. బెంగళూరులో వేదాంత కళాశాలలో చదివారు. హెబ్రీ, గ్రీకు వచ్చు. వచ్చిన మొదటి వారం పాపాఘ్ని పక్కన నిలబడి, "ఇందులో నీళ్ళు ఏ నెలలో వస్తాయండీ?" అని అడిగారట. ఆ ప్రశ్న ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళలో నాయన లేడు. "నీళ్ళున్న దేశం నుంచి వచ్చినాడు. ఆయనకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

ఆ వేసవిలో అయ్యగారు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో బైబిలు పాఠం మొదలుపెట్టారు. చేలల్లో పని లేదు కాబట్టి జనం బాగానే కూర్చునేవాళ్ళు. ఆదికాండం రెండో అధ్యాయానికి వచ్చిన రోజు ఆయన ఒక లావు పుస్తకం తెచ్చి, అందులో మడతపెట్టిన పటం విప్పి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు.

"ఈ నాలుగు నదుల్లో రెండు ఇప్పటికీ పారుతున్నాయి" అన్నారు. "హిద్దెకెలు అంటే ఇప్పుడు టైగ్రిస్ అంటున్న నది. అదీ, యూఫ్రటీసూ ఇరాక్ దేశంలో ఉన్నాయి. మిగతా రెండూ ఏవన్నది రెండు వేల ఏళ్ళుగా పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. గీహోను అంటే నైలు నది అని పూర్వం కొందరు అనుకున్నారు. పీషోను అంటే మన గంగేనన్నవాళ్ళూ ఉన్నారు."

గంగ పేరు వినగానే వసారాలో గుసగుసలు లేచాయి. ఆయన నవ్వి కొనసాగించారు. పాత కాలంలో దేశాల పటం గీసేవాళ్ళు తూర్పును పై వైపు పెట్టి, అన్నిటికంటే పైన ఏదెనును గీసేవారట. దాని చుట్టూ గోడో, మంటో, దాటలేని కొండలో ఉన్నాయనుకునేవారట. తర్వాతి వాళ్ళు యూఫ్రటీసు, టైగ్రిస్ పుట్టే కొండల్లో వెతికారు. ఇంకొందరు ఆ నదులు సముద్రంలో కలిసే చోట వెతికారు. ఒకప్పుడు సముద్రం అంత లోపలికి రాలేదనీ, ఆ తోట ఉన్న నేల ఇప్పుడు నీళ్ళ కింద ఉందనీ వాళ్ళ వాదన.

"ఈమధ్య ఇంకో మాట వచ్చింది" అని అయ్యగారు పటం మీద వేలు పెట్టారు. "అరేబియా ఎడారి ఇసుక కింద ఒక పెద్ద నది జాడ ఉందట. ఎప్పుడో ఎండిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో దాని దారి కనపడిందట. అదే పీషోను అయ్యుండొచ్చని కొందరంటున్నారు. అది సముద్రంలో కలిసిన చోటు ఇదిగో, ఈ కువైట్ దగ్గర."

నాయన గోడకు ఆనుకుని కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"కువైటా? మా ఇంటామె ఆడే ఉండాది కదయ్యగారూ!"

అందరూ నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. "ఇది కొందరి ఊహండీ. రుజువు లేదు. కాదన్నవాళ్ళే ఎక్కువ" అన్నారు మెల్లగా.

నాయన అది విన్నట్టే లేదు. పటం దగ్గరికొచ్చి గొంతుకూర్చుని చూశాడు. "ఎండిపోయిన నది" అని తనలో తాను అనుకున్నాడు. "మన పాపాఘ్ని మాదిరి." నదులు ఎండిపోతాయన్న సంగతి ఆయనకు ఎవరూ నమ్మించాల్సిన అవసరం లేదు కదా. అంత పెద్ద దేవుడు తవ్విన నది కూడా ఎండిపోయిందంటే ఆయనకు ఏదో ఓదార్పు దొరికినట్టుంది. కాసేపటికి తల ఎత్తి, "మరి తూర్పున తోట వేసినాడని రాసుండాదే? కువైట్ మనకు పడమర కదా?" అని అడిగాడు.

"రాసినవాళ్ళకు అది తూర్పు. వాళ్ళు ఉన్నది పాలస్తీనా నేల మీద. వాళ్ళకు తూర్పైంది మనకు పడమర."

నాయన చాలా సంతోషపడ్డాడు. ఆ చిక్కు ఆయన్ని ఎన్నేళ్ళ నుంచి పట్టుకుందో!

అదే పాఠంలో అయ్యగారు ఇంకో మాట కూడా అన్నారు. ఆ తోట ఎక్కడుందో చూపించడానికి ఈ కథ రాసింది కాదనీ, దేవుడి దగ్గరుండే మనిషి ఎలా దూరమయ్యాడో చెప్పడానికి రాసిందనీ, దారి చూపే పటంలా దాన్ని చదవకూడదనీ. దానికి ముందు వరసలోని ఒక అవ్వకు కోపమొచ్చింది. "తోటే లేదంటావా ఏమి నాయనా? తోట లేకపోతే పాపం యాడ పుట్టింది, ఏసయ్య ఎందుకొచ్చినాడు?" అని గట్టిగా అడిగింది. అయ్యగారు లేదనలేదనీ, తెలియదన్నాననీ సర్దిచెప్పారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ అవ్వ పాఠానికి రాలేదు. నాయన మాత్రం ఒక్కటీ మానలేదు. తనకు కావలసింది తీసుకుని మిగతాది అయ్యగారికే వదిలేశాడు.

అమ్మ రెండు వారాలకో, మూడు వారాలకో శుక్రవారం మధ్యాహ్నం తనకల్లులోని ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేది. మేం ముందుగా పోయి బూత్ ముందు బల్ల మీద కూర్చునేవాళ్ళం. ఆ పాఠం తర్వాత వచ్చిన మొదటి ఫోన్‌లో నాయన బాగోగులు కూడా అడక్కుండా, "ఏమ్మే, ఆడ నదేమన్నా ఉండాదా?" అన్నాడు.

అవతల అమ్మ గొంతు నాకు కూడా వినిపించింది. "నదా? ఈడ నదెవురికి కావాలప్పా? సముద్రం నీళ్ళనే మిషన్‌లో వడగట్టి తాగుతారు."

"పాత నది. ఎండిపోయినది. ఇసుకలో దారి కనపడ్తాదంట, చూడు."

"నన్నెవరు బయటికి వదుల్తారు ఇసుక చూసేకి? నీకేమైంది? పాప బాగుండాదా? ఫోన్ పాపకియ్యి."

నేను తీసుకున్నాను. తాను పనిచేసే ఇంట్లో లేవలేని ఒక ముసలామె ఉందనీ, ఆమెను చూసుకోవడమే తన పని అనీ చెప్పింది. ఇంటి వెనక తోట ఉందట. ఖర్జూర చెట్లు, గన్నేరు, మల్లె, ఇంకా పేరు తెలియని పూలు. వాటికి పైపుతో నీళ్ళు పట్టేది కూడా అమ్మే. "మన చేనికి పోసినా పండుండు అన్ని నీళ్ళు" అంది. నేను నాయనకు ఆ మాట చెప్పాను. ఆయన ఇంటికొచ్చే దారంతా ఎదురైన ప్రతి మనిషినీ ఆపి, కువైట్‌లో తోట ఉందనీ, దానికి తన భార్యే నీళ్ళు పడుతుందనీ చెప్పాడు.

అలా ఏడాది పైన గడిచింది. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

మొదట ఒక శుక్రవారం రాలేదు. మరోటి రాలేదు. మేం బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుని తిరిగొచ్చేవాళ్ళం. బూత్ ఆయన మాకు టీ తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ జాలి నాకు భరించడం కష్టంగా ఉండేది. మేం చేసిన నంబర్లో ఎవరో అరబ్బీలో రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవాళ్ళు. కదిరికి పోయి, అమ్మను కువైట్ పంపించిన ఏజెంటును అడిగితే, "ఇల్లు మారిందంట. యాడికి మారిందో నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు. అదే సమయంలో ఇరాక్ మీద యుద్ధం వస్తుందన్న మాట మొదలైంది. హోటళ్ళలో, బస్సుల్లో పేపర్ చదివి వినిపించేవాళ్ళు. పటంలో కువైట్ ఇరాక్‌కు ఎంత దగ్గరో ఇప్పుడు ఊరందరికీ తెలిసింది. చర్చి వసారాలో కూర్చున్న మాకు అది ముందే తెలుసు.

నాయన తిండి తగ్గించాడు. చేనికి పోయి ఊరికే గట్టు మీద కూర్చునేవాడు. బైబిలు తెరిస్తే మూడో అధ్యాయం చివర ఆగేవాడు. దేవుడు వాళ్ళిద్దరినీ తోట నుంచి వెళ్ళగొట్టి, దారికి కాపలాగా కెరూబులనూ, తిరుగుతూ మండే కత్తినీ పెట్టిన చోటు అది. ఒక మధ్యాహ్నం బైబిలును అలాగే చంకలో పెట్టుకుని అయ్యగారింటికి పోయాడు. ఏమవుతాడోనని నేనూ వెంట పోయాను.

అయ్యగారు నులక మంచం వాల్చారు. నాయన కూర్చోలేదు.

"అయ్యగారూ, ఒకటడగల్ల. తోటలోకి పోయే దారికి కాపలా పెట్టినాడు. సరే, మనం తప్పు చేసినాం, పెట్టినాడు. మరి లోపల ఎవరన్నా చిక్కుకోనుంటే? బయటికొచ్చే దారి కూడా మూసినాడా?"

ఆయన దగ్గర లావు పుస్తకాలున్నాయి. రెండు పాత భాషలు వచ్చు. అయ్యగారు వాటి జోలికి పోకుండా నాయన చేతిలోంచి బైబిలు తీసుకుని పక్కన పెట్టి, ఆయన భుజాలు పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నారు. కాసేపటికి చూస్తే ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను గడప దాటి లోపలికి పోలేదు.

మర్నాడు అయ్యగారు బెంగళూరు పోయారు. కళాశాలలో ఆయనతో చదివిన ఒకాయన కువైట్‌లో తెలుగువాళ్ళ సంఘానికి సేవ చేస్తున్నాడట. అక్కడికి ఫోన్ చేయించారు. ఆ సంఘంలో ఇంటిపనివాళ్ళూ, డ్రైవర్లూ, ఎక్కువమంది మా వైపువాళ్ళే, కడప, కదిరి, రాయచోటి. వాళ్ళు ఒకరి నుంచి ఒకరికి మాట చేరవేసుకుని వెతికారు. కొన్ని వారాలకు అయ్యగారే మా ఇంటికి సైకిల్ మీద వచ్చి, దిగకుండానే, "ఉందండీ! క్షేమంగా ఉంది!" అని అరిచారు. ఇండియా ఎంబసీ వాళ్ళు పెట్టిన ఒక ఆశ్రయంలో దొరికింది అమ్మ. ఇంకా చాలామంది ఆడవాళ్ళు ఉన్నారట అందులో.

యుద్ధం మొదలయ్యే ముందే ఆమె ఇల్లు చేరింది. కదిరి బస్టాండులో దిగినప్పుడు నేను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. జుట్టు సగానికి పైగా తెల్లబడింది. ఎడమ చేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ. నాయన ఆమె చేతిలో సంచీ తీసుకుని, "రా" అన్నాడు. అంతే. దారిలో ఏదెను మాట కాదు కదా, ఏ మాటా అడగలేదు. ఇంటికొచ్చాక ఆమె మొదట చేసిన పని బయటి తలుపు తీసి, మూసి, మళ్ళీ తీసి పెట్టడం. చాలా నెలలు మా ఇంటి తలుపు పగలంతా బార్లా తెరిచే ఉండేది.

ఆమె తానుగా చెప్పడానికి కొంత కాలం పట్టింది. ఆ ఏడు విత్తనానికి శెనక్కాయలు వలుస్తూ ముగ్గురం కూర్చున్నాం. అయ్యగారు పలకరించడానికి వచ్చి, తానూ ఒక గుప్పెడు కాయలు తీసుకుని వలవసాగారు. అమ్మ ఎవరివైపూ చూడకుండా మాట్లాడడం మొదలుపెట్టింది.

"ముసలామె మంచిది. సాయంత్రం ఎండ దిగినాక చక్రాల కుర్చీలో తోటకు తీసుకుపోవల్ల. చుట్టూ ఎత్తు గోడ. బయట ఏముండాదో కనపడదు. ఆడ కూర్చోని తస్బీ పూసలు తిప్పుకుంటా ఏదో చెప్తాండె. అద్న్, అద్న్ అని నాకు వినపడ్తాండె. డ్రైవర్ మన కడప సాయిబే. ఏందన్నా అది అని అడిగితే, చచ్చిపోయినాక మంచోళ్ళు పోయే తోట పేరు, మా గ్రంథంలో ఉండాది అన్నాడు. మీ నాయన చెప్పేది ఇదే కదా అనుకుంటి."

నాయన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అయ్యగారి వైపు చూశాడు.

"అదే మాటండీ" అన్నారు ఆయన. "హెబ్రీలో ఏదెను. అరబ్బీలో అద్న్."

"ఆయమ్మ చచ్చిపోయింది" అని అమ్మ కొనసాగించింది. "కొడుకులు నన్ను ఇంకో ఇంటికి పంపినారు. వాళ్ళ బంధువులే. ఆడ నిద్ర లేదు. ఫోన్ ముట్టుకోనీలేదు. ఇస్త్రీ సరిగా చేయలేదని ఒగనాడు ఆ పెట్టెనే చేతికి పెట్టింది ఆ ఇంటామె. గేటుకు తాళం. ఒగ పొద్దున సిలిండర్ బండి వచ్చి గేటు తీసినారు. చెప్పులు కూడా ఏసుకోకుండా నడిచి వచ్చేస్తి."

నాయన చేతిలోని కాయను చేటలో వేసి, "నువ్వు తోటలో ఉండావని నేను అందరికీ చెప్పుకుంటి" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు చాలా కష్టమైంది.

"తోటే అది. నేను కాదనలేదు. బాగుండె." అమ్మ పొట్టు చేటలోకి విదిలించింది. "గోడకు లోపల నీళ్ళు, బయట ఇసుక. తోటంటే అంతే అయ్యుంటాది. లోపలుండేవాళ్ళలో నీళ్ళు పట్టేది మన మాదిరోళ్ళు."

అయ్యగారు వలవడం ఆపారు. పరదైసు అనే మాట పాత పారశీకుల భాష నుంచి వచ్చిందనీ, దానికి మొదటి అర్థం చుట్టూ గోడ కట్టిన స్థలమనీ చెప్పారు. ప్రసంగంలో చెప్పినట్టు కాదు, చావింట్లో మాట్లాడినట్టు మెల్లగా చెప్పారు. ఇంకోటి కూడా చెప్పారు. దేవుడు ఆదామును ఆ తోటలో ఉంచింది ఊరికే కూర్చోబెట్టడానికి కాదు, దాన్ని సేద్యం చేయడానికి, కాయడానికి. సేద్యం అన్నచోట హెబ్రీలో ఉన్న మాటకు కొలువు చేయడం అని కూడా అర్థముంది.

"అయితే ఆదాము కూడా పనిమనిషే" అంది అమ్మ.

ఆయన ఆలోచించారు. "అవునమ్మా. పనిమనిషే. కానీ ఆ యజమాని చల్లబడే వేళకు తానే తోటలోకి నడిచొచ్చి, ఎక్కడున్నావని పిలిచి వెతుక్కునేవాడు."

అమ్మ చేతులు ఆగాయి. ఆ తర్వాత ఆమె చెప్పింది నేను ఎప్పటికీ మరిచిపోలేను.

"ముసలామె కూడా నన్ను పేరు పెట్టి పిలుస్తాండె. నోరు తిరక్కపోయినా అదే పిలుస్తాండె. ఆమె పోయినాక ఇంకెవరికీ నా పేరు తెలీదు. ఏయ్ అనేవాళ్ళు." అప్పుడు ఏడ్చింది, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. నాయన చేట పక్కకు జరిపి ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేనూ అయ్యగారూ లేచి బయటికొచ్చి నిలబడ్డాం. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆ తర్వాత నాయన ఏదెను ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. మానేశాడనుకున్నాను. మానలేదు, ప్రశ్న మార్చుకున్నాడంతే. అది కొన్నేళ్ళకు తెలిసింది. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. అనంతపురం పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ ఏడు వాన బాగా పడింది. చేలో శెనక్కాయ పచ్చగా ఉందని అమ్మ రోజూ వచ్చి చెప్పేది. ఆయన మంచం మీద నుంచి తల ఊపేవాడు.

అయ్యగారు ప్రార్థనకు వచ్చినప్పుడు నాయన ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడు. మాట మాటకూ ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"సిలువ మీద దొంగకు ఏసయ్య చెప్పినాడు కదయ్యగారూ, ఈ పొద్దే పరదైసులో నా దగ్గరుంటావని. ఆ పరదైసూ, మొదట్లో తోటా ఒగటేనా, వేరేనా?"

పండితులు అనేక విధాలుగా చెబుతారన్న మాట అయ్యగారు ఆ రోజు అనలేదు. "పాత నిబంధనను గ్రీకులోకి మార్చినవాళ్ళు ఏదెను తోటకు పెట్టిన మాట పరదైసే. దొంగకు చెప్పినచోట ఉన్నదీ ఆ మాటే" అన్నారు.

"అయితే ఒగటే" అన్నాడు నాయన. ఆయన ముఖం తేరుకుంది. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. మంచం పక్కన కింద కూర్చున్న అమ్మ ఆయన పాదం మీద చెయ్యి వేసింది.

"ఆడికి పోయినాక గేటు కాడ నిలబడొద్దప్పా" అంది. "ఎవరన్నా పిలుస్తారేమో అని చూడొద్దు. నేరుగా లోపలికి పో."

నాయన కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "కత్తి పట్టుకోనుంటారు కదే."

"ఉండనీ. వాళ్ళ పని వాళ్ళది."

అయ్యగారు ప్రార్థన చేశారు. ఆ వారం దాటకుండానే, ఒక ఉదయం, అమ్మ గంజి తాగిస్తుండగా నాయన పోయాడు.

సమాధి తవ్వడానికి వచ్చినవాళ్ళు గడ్డపార ఇంత సులువుగా దిగిన ఏడాది లేదని మాట్లాడుకున్నారు. నేల లోతు దాకా తడిసి ఉంది. మట్టి నల్లగా, ముద్దగా పైకొచ్చింది. అయ్యగారు వాక్యం చదివారు. ఒకప్పుడు ఆయన మీద కోపం తెచ్చుకున్న అవ్వను ఇద్దరు పట్టుకుని నడిపించుకొచ్చారు. ఆమె ఒక గుప్పెడు మట్టి వేసి, "పొలం పనోడు, పొలంలోకే పోయినాడు" అంది.

రెండు రోజులు చుట్టాలు ఉండి పోయారు. చేలో కలుపు ఎత్తుగా లేచింది. వదిలేస్తే ఊడలు నేలలోకి దిగే సమయంలో శెనక్కాయ దెబ్బతింటుంది. అమ్మ తెల్లారేసరికి కొంగు నడుముకు దోపుకుని బయల్దేరింది. నేను మిషన్ మీద గుడ్డ కప్పి, కలుపు తీసే తొలిక తీసుకుని ఆమె వెంట నడిచాను. ఇద్దరం చెరో సాలు పట్టుకున్నాం. మధ్యాహ్నం దాకా కలుపు తీశాం.